తల వెనక్కి తిప్పిన బాతు

జొన్నాడలో టీ తాగుదామని బస్సు దిగినదాన్ని టీ సంగతే మర్చిపోయాను. రోడ్డు పక్కన ఒక కొట్టు ముందు మా బాతులు దండలా వేలాడుతున్నాయి. బాతులంటే నిజం బాతులు కావు, అంట్లు తోమే పీచులు. కొబ్బరి పీచును గట్టిగా మెలిపెట్టి, పురికొసతో బిగించి, బాతు ఆకారం వచ్చేలా కడతాం. మామిడికుదురు దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ పని జరుగుతుంది. మెడ పట్టుకుని పొట్టతో గిన్నె తోముకోవాలి. తల మాత్రం ముందుకు చూడదు, వెనక్కి తిరిగి తన తోకను తానే చూసుకుంటూ ఉంటుంది.

ముందు ఎంత సంబరపడ్డానో! మా సరుకు హైవే ఎక్కిందే అనుకుంటూ వెళ్లి ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఒళ్లు మండిపోయింది. పురికొస బదులు ప్లాస్టిక్ దారం చుట్టారు. పొట్ట నొక్కితే లోపల గోనె ముక్కలు తగిలాయి. మెడ వంపు, తల తిప్పుడు మాత్రం అచ్చంగా మావే.

"ఇవెక్కడివండీ?" అన్నాను కొట్టాయనతో.

"మామిడికుదురు బాతులండీ. మంచి పేరుందండీ వీటికి. వేలికి పట్టు దొరకాలని తలకాయ అలా తిప్పుతారండీ," అని నాకే పాఠం చెప్పాడాయన.

"ఎవరు చేస్తారో తెలుసాండీ?"

"ఎవరో పెద్దావిడండీ."

"ఆ పెద్దావిడ కోడల్ని నేనే. ఇవి మావి కావు."

"అయ్యబాబోయ్! నాకేం తెలుసండీ? ఏటవతల నుంచి వ్యాన్‌లో తెచ్చి వేసి వెళ్తారండీ. కూర్చోండి, టీ చెప్తాను," అని ఆయన స్టూలు తుడిచి వేశాడు. మా వైపు మనుషులతో ఇదే చిక్కు. దులిపేద్దామని కొంగు బిగించేలోపే చేతిలో టీ గ్లాసు పెట్టేస్తారు. తాగాను, తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఏటవతల అనగానే ఎవరో నాకు తెలిసిపోయింది. రెండేళ్ల పాటు మా దగ్గరే టోకున సరుకు పట్టుకెళ్లి, "చెల్లెమ్మా, చెల్లెమ్మా" అని నోరారా పిలిచిన వ్యాపారి. ఉన్నట్టుండి రావడం మానేస్తే ఒంట్లో బాగోలేదేమోనని మా అత్తగారు ఆయన కోసం ప్రార్థన కూడా చేశారు. ఇదన్నమాట ఆయనకొచ్చిన జబ్బు!

ఆ బాతును మొదట చేసింది మా అత్తగారే. ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. ఊహ తెలిసినప్పటి నుంచి కాలవ గట్టున కూర్చుని, నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో కొట్టి పీచు తీసిన మనిషి. గట్టు ఒకరిది, డొక్కలు ఇంకొకరివి, తీసిన పీచు వేరొకరిది. చేతులు మాత్రం ఆవిడవి. ఆ చేతులతోనే కొడుకుని చదివించి టీచరు ఉద్యోగంలో చూసుకున్నారు. "ఇంక పని మానెయ్యండి" అని మా ఆయన అంటే, మా వైపు సరేననే మాటగా "ఆయ్" అన్నారట. అని, ఇంట్లో కూర్చుని మిగిలిన పీచుతో అంట్ల పీచులు కట్టడం మొదలుపెట్టారు. చర్చిలో ఆడవాళ్లు చూసి తలా ఒకటి అడిగారు. నేను కాపరానికొచ్చాక దాన్ని వ్యాపారం చేశాను. షెడ్డు, పనివాళ్లు, లేబుళ్లు, బిల్లులు అన్నీ నా పెత్తనం. వ్యాపారం రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి నుంచీ ఆవిడ పేరునే ఉంది.

ఆవిడ చేత "కాదు" అనిపించినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఎదుటి మనిషి ఏమన్నా "ఆయ్" అంటారు. ఎండగా ఉందంటే ఆయ్, మబ్బు పట్టిందంటే ఆయ్. దాన్ని ఒప్పుకోవడం అనుకుంటే మోసపోయినట్టే. ఒకసారి ఆర్డర్లు ఎక్కువై నేనే అడిగాను, "అత్తయ్యగారూ, ఆ తల వెనక్కి తిప్పి కట్టడానికే సగం పొద్దు పోతోంది. తిన్నగా ఉంచేద్దామా?" అని. "ఆయ్, అలాగేనమ్మా," అన్నారు. మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్లి చూస్తే బుట్టలో ఉన్న ప్రతి బాతూ వెనక్కే చూస్తోంది. నేను తల కొట్టుకుని ఊరుకున్నాను.

జొన్నాడ నుంచి తెచ్చిన దొంగ బాతును, మాదొకదాన్ని సంచిలో వేసుకుని అమలాపురంలో ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నావిడే గాని గట్టి మనిషి. రెండు బాతుల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"డిజైన్ రిజిస్ట్రేషన్ అని ఒకటి ఉందండీ. అది కొత్తగా చేసినప్పుడే, బజారులో పెట్టకముందే చేయించుకోవాలి. మీరు ఊరూరా అమ్మేసేరు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మీకు ట్రేడ్‌మార్కే గతి," అంది.

"ట్రేడ్‌మార్క్ పేరుకీ బొమ్మకీ కదండీ ఇచ్చేది?"

"వస్తువు ఆకారానికి కూడా ఇస్తారండీ. కాకపోతే రెండు చిక్కులున్నాయి. లేబుల్ పీకేసినా, ఆకారం చూడగానే ఇది ఫలానావాళ్ల సరుకని జనం గుర్తుపట్టాలి."

"దానికేం భయం లేదండీ. కళ్లకి గంతలు కట్టి చేతికిచ్చినా గుర్తుపడతారు," అన్నాను. మా సరుకు మీద నాకున్న నమ్మకం నామీద కూడా లేదు.

"రెండోది కష్టం. పనికొచ్చే ఆకారాన్ని చట్టం ఎవరికీ రాసివ్వదండీ. పట్టుకోవడానికి మెడ ఉంది, కాబట్టి మెడ మీది కాదు. తోమడానికి పొట్ట ఉంది, కాబట్టి పొట్టా మీది కాదు. అలాంటివి ఒకళ్లకే ఇచ్చేస్తే మిగతావాళ్లు పీచులు ఎలా చేసుకుంటారు చెప్పండి?"

"మరి మాది ఏంటండీ ఇందులో? తోక ముడా?" నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆవిడ నవ్వి బాతు తల మీద వేలు పెట్టింది. "ఇది ఎందుకిలా తిప్పేరు?"

"తెలీదండీ."

"దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉందా?"

"ఉందనే అందరూ అంటారండీ."

"అలా అనకండి. ఉపయోగం ఉంటే మనం ఓడిపోయినట్టే. ఈ తల తిప్పుడు దేనికీ పనికిరాదని తేలితే, దాంతో కలిపి ఈ బాతు మీదవుతుంది."

ఇన్నేళ్లూ ఎగ్జిబిషన్లలో గొంతు చించుకుని "మా పీచు ఇందుకు పనికొస్తుందండీ, అందుకు పనికొస్తుందండీ" అని అమ్మిన నేను, ఇప్పుడు పనికిరాదని రుజువు చేసుకోవాలి! ఇంటికొచ్చి షెడ్డులో ఆ మాట చెబితే పనిచేసే ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అయినా పట్టిన పట్టు వదిలే రకం కాదు నేను. జనం దగ్గర వినబడే ఉపయోగాలన్నీ ఒక్కొక్కటే పరీక్ష పెట్టాం. తలను మేకుకి తగిలించి ఆరబెట్టుకోవచ్చని రాజోలులో అంటారు. తగిలిస్తే జారి కింద పడింది. గ్లాసు అడుగున మడ్డి గోకడానికని కొత్తపేటలో అంటారు. తల గ్లాసులో దూరనే దూరదు. బొటనవేలు ఆనడానికని జొన్నాడ కొట్టాయన చెప్పాడు కదా, ఆనిస్తే పురికొస ముడి వేలికి గుచ్చుకుంటుంది. "మన సరుకు దేనికీ పనికిరాదని ఇంత కష్టపడి చూపించేవాళ్లం మనమేనండీ," అంది షెడ్డులో ఒకావిడ. నాకు మాత్రం ప్రతి ఓటమికీ ప్రాణం లేచొచ్చింది.

జనం గుర్తుపట్టే సంగతి ఇంకా సులువుగా తేలింది. లేబుల్ లేని బాతును పట్టుకుని రాజోలు, కొత్తపేట, అమలాపురం స్టీలు సామాన్ల కొట్లన్నీ తిరిగాను. "ఇదెవరిదండీ?" అని అడగడం ఆలస్యం, "మామిడికుదురు పెద్దావిడదండీ, తల తిరిగే ఉంది కదా," అనేవారు. వాళ్లందరి చేతా అదే మాట అఫిడవిట్లుగా ఇప్పించాం.

ఒక్కటే మిగిలిపోయింది. అసలు ఆ తల ఎందుకు తిప్పారని అత్తగారిని ఎన్ని విధాల అడిగినా చెప్పలేదు. "ఏదోలేమ్మా, పాత సంగతి," అని చేటలో బియ్యం చూసుకునేవారు. నేను ఊరుకుంటానా? అన్నం దగ్గర అడిగాను, చర్చి నుంచి వస్తూ ఆటోలో అడిగాను. "చేతికి అనువుగా ఉంటుందనా?" అంటే "ఆయ్" అన్నారు. "అందం కోసమా?" అంటే దానికీ "ఆయ్" అన్నారు. నిజంగా ఏదో ఉపయోగం కోసమే తిప్పి ఉంటే? మేము పరీక్ష పెట్టని ఉపయోగం ఏదో ఆవిడకి తెలిసి ఉంటే?

ఆ అనుమానం కడుపులో పెట్టుకునే దరఖాస్తు పెట్టించాను. అది ట్రేడ్‌మార్క్ ఆఫీసు వాళ్ల జర్నల్లో అచ్చయ్యాక ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. ఏటవతల ఆయన ఆ గడువులోనే చెప్పుకున్నాడు. తల తిప్పింది పట్టు కోసమేనని, పట్టు కోసం చేసిన ఆకారం అందరి సొత్తేనని అతని వాదన. రుజువుగా ఒక వీడియో పెట్టాడు. అది అమలాపురం ఎగ్జిబిషన్‌లో ఎవరో కొనుగోలుదారు తన ఫోన్లో తీసుకుని సరదాగా అందరికీ పంపిన వీడియో. అందులో ఆ కొన్నావిడ బాతును ఆడిస్తూ "తల ఇలా తిప్పింది వేలు ఆనడానికే కదండీ పెద్దమ్మగారూ?" అంటుంది. మా అత్తగారు నిండుగా నవ్వుతూ "ఆయ్" అంటారు.

ఆ ఒక్క ఆయ్ చాలు మమ్మల్ని ముంచడానికి. నేను అఫిడవిట్ రాశాను, మా ఇంట్లో ఆయ్ అంటే ఔనని కాదు, ఎదుటి మనిషిని గౌరవించడం అని. తల తిన్నగా ఉంచమంటే ఆయ్ అని, మర్నాడు అన్ని తలలూ తిప్పే ఉంచిన సంగతి కూడా రాశాను. మా వకీలమ్మ చదివి ముచ్చటపడింది గాని, "ఎదుటి వకీలు మీ అత్తగారినే ప్రశ్నిస్తానంటున్నాడండీ. ఇలా అడగడం అరుదే. ట్రేడ్‌మార్క్ ఆఫీసరుగారు సరేనన్నారు," అంది.

"అడగనీండి. మాకేం భయం?" అన్నాను. బయటికొచ్చి మెట్లు దిగాక చూసుకుంటే కాళ్లకి చెప్పులు లేవు, గుమ్మంలోనే వదిలేసి వచ్చాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కాదు అనడం నేర్పే బడి మొదలైంది. నేనే ఎదుటి వకీలునై కుర్చీలో కూర్చునేదాన్ని.

"పెద్దమ్మగారూ, ఈ తల పట్టు కోసం తిప్పేరు కదండీ?"

"ఆయ్."

"అత్తయ్యగారూ! కాదు అనాలి."

"నువ్వలా కష్టపడి అడుగుతుంటే కాదని ఎలా అంటానమ్మా?"

"ఈ బాతు మొదట చేసింది ఏటవతల ఆయనే కదండీ?"

"ఆ... య్," అని సగంలో నాలిక కరుచుకున్నారు. పక్క గదిలో పేపరు చూసుకుంటున్న మా ఆయన పకపకా నవ్వాడు. నేను ఇద్దరినీ కలిపి కేకలేశాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంటారమ్మా," అన్నారు అత్తగారు నెమ్మదిగా.

"ఊరు మంచిదేనండీ. ఏరు దాటితేనే మంచిది కాదు," అన్నాను. కోపం కాదు నాది, భయం. ఓడిపోతే మా బాతు ఎవరైనా చేసుకోవచ్చు. గోనె ముక్కలు కుక్కిన ఆ చెత్త సరుకు పక్కన మాది వేలాడాలి. జనం రెండు రోజుల్లో విడిపోయే పీచు కొనుక్కెళ్లి మామిడికుదురు పెద్దావిడను తిట్టుకోవాలి.

విచారణ రోజున అమలాపురంలో మా వకీలమ్మ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆఫీసరుగారు చెన్నై నుంచి తెర మీద కనిపించారు, ఆయనకి తెలుగు వచ్చు. పక్క గడిలో ఎదుటి వకీలు. అత్తగారు తెల్ల చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నేను మధ్యలో మాట్లాడకూడదని వకీలమ్మ ముందే ఒట్టు వేయించుకుంది.

ఎదుటి వకీలు నోరు విప్పాడు. నా ప్రాణం ఉసూరుమంది. అచ్చంగా మా వైపు మనిషే. గద్దించి అడిగేవాడైతే బాగుండేది, బెదిరిపోయి నోరు మూసుకునేవారు. ఇతనికి ఆయ్ ఎలా రప్పించుకోవాలో ఉగ్గుపాలతో తెలుసు.

"పిన్నిగారూ, బావున్నారాండీ? భోజనమయ్యిందా?"

"ఆయ్. మీకయ్యిందా బాబూ?"

"ఆయ్ అండీ. మీ చేతిపని చూస్తే ముచ్చటేస్తుందండీ. అంట్లు తోమే కష్టం మీకు తెలుసు కాబట్టి, ఆడవాళ్ల చేతికి అనువుగా ఉండాలని ఇది చేసేరు. అంతే కదండీ?"

"ఆయ్."

"మెడ పట్టుకోవడానికి."

"ఆయ్."

"పొట్ట తోమడానికి."

"ఆయ్."

అన్నీ నిజాలే. అలా నున్నటి దారిలో చెయ్యి పట్టి నడిపించుకుపోతున్నాడు. నాకు కుర్చీలో ముళ్లున్నట్టుంది.

"అలాగే తల వెనక్కి తిప్పింది బొటనవేలు ఆనడానికి. ఎంతో ఆలోచన ఉంటే గాని అలా చెయ్యలేరండీ. మీలాంటి పెద్దవారి తెలివిని మెచ్చుకోవాలి. అంతే కదండీ పిన్నిగారూ?"

అత్తగారి పెదాలు విచ్చుకున్నాయి. ఆ మాట నాలిక చివరికి వచ్చేసిందని నాకు తెలుసు. అయిపోయింది అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

ఎంతకీ ఆ మాట రాలేదు.

"బాబూ," అన్నారు అత్తగారు. "అంత మర్యాదగా అడిగేరు. కాదంటే బాగోదేమోనండీ."

"బాగుంటుందా లేదా అని చూడకండమ్మా. నిజం చెప్పండి," అన్నారు ఆఫీసరుగారు.

"అయితే కాదండీ."

నేను కళ్లు తెరిచాను. మా వకీలమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, ఎగిరి గంతేస్తానేమోనని. ఎదుటి వకీలు వదల్లేదు.

"మరి వీడియోలో ఆయ్ అన్నారు కదండీ పిన్నిగారూ?"

"అన్నానండీ. ఆవిడ మా కొట్టుకొచ్చి ముచ్చటపడి అడిగింది. కాదంటే చిన్నబుచ్చుకోదూ? మీరూ మన వైపువారే కదా బాబూ. మీ ఇంట్లో ఆయ్ అంటే ఎప్పుడూ ఔనేనా?"

అతను తల వంచుకుని నవ్వాడు. ఆఫీసరుగారు కూడా నవ్వుకున్నట్టే కనిపించారు. తర్వాత ఆయనే అడిగారు, నేను ఇన్నాళ్లుగా అడిగి అడిగి అలిసిపోయిన మాట.

"మరి ఎందుకు తిప్పారమ్మా?"

అత్తగారు కొంగు అంచును వేలికి చుట్టుకున్నారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడకి తెలియక కాదు, చెప్పడానికి సిగ్గుపడుతున్నారని.

"చెప్తే నవ్వుతారండీ," అన్నారు. "నేను డొక్కలు కొట్టేదాన్నండీ. చిన్నప్పట్నించీ చేతులు ఊరికే ఉంచితే మాట పడేదాన్ని. పీచు తీస్తే వాళ్లకి పనికొచ్చేది. తాడు పేనితే ఇంకోళ్లకి పనికొచ్చేది. అలా ఎవరికో ఒకరికి పనికొచ్చేదే చేసేనండీ, ఎప్పుడూనూ. ఒకనాడు కాలవలో బాతులు పోతున్నాయి. అన్నీ ముందుకే చూసుకుంటూ పోతున్నాయి. ఒక్కటి మాత్రం తల వెనక్కి తిప్పి ఆగింది. ఎంత బాగుందోనండీ! కర్ర పక్కన పెట్టేసి అలా చూస్తూ కూర్చుండిపోయేను. కేకలేసేరు కూడా. తర్వాత్తర్వాత నా ఇంట్లో నా పీచు నేను కట్టుకున్నప్పుడు అది గుర్తొచ్చి తిప్పేనండీ. దేనికీ కాదు. ఊరికే, నాకు బాగుంటుందని. పనీపాటా లేనిదానిలా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు."

నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. అంతకాలం కలిసి ఒకే షెడ్డులో కూర్చున్నాం. చేతులు తెగేలా పనిచేసే మనిషిగానే ఆవిడను చూశాను. ఒక బాతును చూసి మురిసిపోయి కూర్చున్న పిల్ల ఆవిడలో ఉందని నాకు తెలియదు. ఆ పిల్లను లేపి, తిట్టి, మళ్లీ కర్ర చేతికిచ్చినవాళ్ల మీద అప్పటికప్పుడు పట్టరాని కోపం వచ్చింది.

"ఇంకేమైనా అడగాలా?" అన్నారు ఆఫీసరుగారు ఎదుటి వకీలుతో.

"లేదండీ," అన్నాడతను.

అత్తగారు కంప్యూటర్ మీదికి వంగి, అతనికేసి చూస్తూ, "బాబూ, కాదన్నానని ఏమీ అనుకోకండి," అన్నారు.

"అబ్బెబ్బే, లేదండీ పిన్నిగారూ," అన్నాడతను. అది మటుకు నిజంగానే అన్నట్టు నాకు అనిపించింది.

కొన్నాళ్లకి ఉత్తర్వు వచ్చింది. గెలిచాం. గెలుస్తామని నేను ముందే చెప్పానని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నాను, చెప్పులు మర్చిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏటవతల ఆయన బాతుల తలలు ముందుకు తిప్పేసి అమ్ముకుంటున్నాడు. అమ్ముకోనీ. మెడ, పొట్ట అందరివీను.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం షెడ్డు అరుగు మీద కూర్చుని అత్తగారికి తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉంది, ఆవిడకి కావలసింది ఒక్క వాక్యమే. తల వెనక్కి తిప్పడం వల్ల ఈ వస్తువుకు ఏ ఉపయోగమూ లేదు, అది దాన్ని చేసిన మనిషికి గుర్తు మాత్రమే, అని రాశారు.

"మళ్లీ చదువమ్మా," అన్నారు.

మళ్లీ చదివాను. గవర్నమెంటు వారు పనికిరాదని తేల్చి చెబితే ఇంతలా వెలిగిపోయిన మొహాన్ని నేను ఎక్కడా చూడలేదు. చేతిలో సగం కట్టిన బాతు ఉంది. దాని తలను బొటనవేలితో నిమిరారు.

"గట్టు మనది కాదు. డొక్కలు మనవి కావు. ఇల్లు మీ ఆయన కట్టేడు, షెడ్డు నువ్వు వేయించేవు," అన్నారు. "అయితే ఇదొక్కటీ నాదేనన్నమాట."

"కాదండీ అత్తయ్యగారూ" అని ఇంకేదో చెప్పబోయాను, అన్నీ మీవేనని. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

"ఆయ్," అన్నాను.